ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది మూడు

మరిదిని మేనేజరు గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఎదురుగా గోడవారనున్న చెక్కబెంచీ మీద ఆమె ఒక్కతే మిగిలింది. మీ వంతు రావడానికి గంట పట్టొచ్చు, ఎక్కడికీ కదలొద్దన్నారు అని చెప్పి అటెండరు మెట్లు దిగిపోయాడు. ఆ గంట ఎప్పుడు మొదలైందో చూసుకుందామని ఎదురుగోడ మీది గడియారం వంక చూస్తే, చుట్టూ పన్నెండు అంకెలూ బుద్ధిగా నిలబడి ఉన్నాయి గాని మధ్యలో ముళ్లు లేవు, ముళ్లుండాల్సిన చోట తడిచేత్తో తుడిచిన పలక మీద మరకలాంటిది మెదులుతోంది. చూపు పక్కకి జరిపి, గడియారానికి జానెడు దూరంలో వేలాడుతున్న ఇసుక బకెట్టు మీద పెట్టింది. అప్పుడు ముళ్లు రెండూ ఓరగా వచ్చి నిలబడ్డాయి. పదీ పది. ఏదైనా కనబడాలంటే దాన్ని చూడకుండా ఉండాలి, రెండేళ్లుగా ఇదే వరస, బస్సు నంబరు కావాలంటే బస్సు పక్కనున్న చెట్టుని చూడాలి, కూతురి మొహం కావాలంటే కూతురి వెనకనున్న బీరువాని చూడాలి. నాతో మాట్లాడుతూ బీరువా వంక చూస్తావేంటమ్మా, దానికి చెప్తున్నావా నాకు చెప్తున్నావా అని అది నవ్వేది. మొదట్లో నవ్వేది. ఇప్పుడు ఏమీ అనడం లేదు, అమ్మకి తన మీద ఏదో కోపం ఉందనుకుని ఊరుకుంటోంది, అదీ కనిపెట్టింది తను, అయినా చెప్పలేదు. ఒకరికి చెప్తే రెండో చెవికి వెళ్తుంది, రెండో చెవి నుంచి కార్ఖానాకి ఎంతసేపు.

ఇరవై మూడేళ్లుగా ఆమె ఈ కార్ఖానాలో కొలతలు చూస్తోంది. లేత్ మీదో గ్రైండింగ్ మెషిన్ మీదో తయారైన ముక్క ఏదైనా సరే, ఆమె టేబులు మీదికి వచ్చి, డ్రాయింగులో రాసిన అంకెతో సరిపోయిందనిపించుకుంటేనే గేటు దాటుతుంది. మెషిన్ షాపులో ఆమెని పేరుతో పిలిచేవాళ్లు లేరు, మైక్రానక్క అంటారు. మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాను. అక్క టీలో చక్కెర కూడా కొలిచే వేసుకుంటుందని, పెళ్లిచూపులకి తీసుకెళ్తే పిల్లాడి ముక్కు ఎంత ప్లస్సో ఎంత మైనస్సో అక్కడే చెప్పేస్తుందని వెనక చెప్పుకుని నవ్వేవారు. ఆమెకీ తెలుసు, ఆమెకీ నవ్వొచ్చేది. ఆ నవ్వులో ఒక గౌరవం ఉంది, అక్క చూసిందంటే చూసిందే అనే మాట ఒకటి ఉంది, ఆ మాట మీదే కదా ఈ రెండేళ్లూ గడిచింది, ఎవరూ రెండోసారి చూడకపోబట్టే గడిచింది. చూసి ఉంటే బాగుండేది. ఒక్కరైనా, ఏదీ అక్కా ఇలా ఇవ్వు అని చేతిలోంచి లాక్కుని చూసి ఉంటే, ఈ రోజున ఎక్కడో ఒక గోదాములో ఒక మనిషి రెండు కాళ్ల మీద నడుస్తూ ఉండేవాడు.

లోపల జరుగుతున్నది ఒక పిన్ను గురించిన విచారణ. చంటిపిల్ల మణికట్టంత లావు, జానెడు పొడవు, నున్నటి ఉక్కు పిన్ను. బరువులెత్తే యంత్రంలో, పైకి లేచిన బరువుని గాల్లో పట్టి ఆపే బ్రేకు ఉంటుందే, దాని చేతుల్ని కలిపి ఉంచేది ఆ పిన్నే. దాని వ్యాసం ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఎనిమిది మిల్లీమీటర్లుండాలి, అటూ ఇటూ పాయింట్ సున్నా ఒకటి దాకా క్షమిస్తారు. మరిది గ్రైండింగ్ మెషిన్ మీద అలాంటివి రెండొందలు చేశాడు, అందులో అరవై బయటికి వెళ్లాయి. అన్నీ ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది మూడు. తేడా పాయింట్ సున్నా ఐదు. తలవెంట్రుక ఒకటి తెంపి చూసుకుంటే దానికంటే సన్నం. ఆ సందులో పిన్ను రోజంతా అదిరి అదిరి, ఒక్కో వారం ఒక్కో రవ్వ జరుగుతూ వచ్చి, ఐదో వారంలో ఒక ఉదయం జారి బయటికొచ్చింది. పైనున్న బరువు కిందికొచ్చింది. కింద ఒక లోడింగు మనిషి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లవాడు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

తీసేశారు అనే మాట ఎంత చిన్నదో. డ్రాయింగులో కూడా అంతే, అక్కర్లేని కొలతని ఒక గీతతో కొట్టేసి పక్కన సంతకం పెడతారు. ఆయనైతే ఒప్పుకునేవాడు కాదు. ఆయన, భర్త, ఇదే షాపులో లేత్ నడిపే టర్నరు, పెళ్లయిన కొత్తలో సాయంత్రాలు డ్రాయింగులు ఇంటికి తెచ్చి నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గిన్నెలు బరువు పెట్టి, దీన్ని బొమ్మలా చూడకు, ఉత్తరంలా చదువు అనేవాడు. గీసినవాడు చేసేవాడికి రాసిన ఉత్తరం ఇది, ఇందులో ఒక్క అక్షరం కూడా ఊరికే ఉండదు. టాలరెన్స్ అంటే ఏంటండీ అని ఆమె అడిగితే, నువ్వెంత తప్పు చేసినా క్షమిస్తామో ముందే రాసివ్వడం అన్నాడు. ఆమెకి ఆ మాట ఎంత నచ్చిందో, అత్తగారు కూడా ఇలా ముందే రాసిస్తే ఎంత బాగుండు అంది, ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. బిందువు తర్వాత మొదటి అంకె కంటికి కనిపిస్తుంది, రెండోది వేలికి తెలుస్తుంది, మూడోది నీ మనసు నిలకడగా ఉంటేనే తెలుస్తుంది, ఆయన మాటే. మనసు నిలకడ. ఏడేళ్ల కిందట మెషిన్ దగ్గర కుప్పకూలి పోయాడు, గుండె. ఉండి ఉంటే ఆయనకైనా చెప్పేదా తను. చెప్పేదేమో. ఆయన ముందు అబద్ధం నిలిచేది కాదు.

మరిది అప్పట్లో బడికి వెళ్లేవాడు, తను కాపురానికొచ్చిన ఏడాది. పాయింట్ ఐదు పెద్దదా పాయింట్ ఇరవై ఐదు పెద్దదా అంటే, ఇరవై ఐదే కదా వదినా, ఐదుకంటే ఇరవై ఐదు ఎక్కువ కదా అని పంతం పట్టేవాడు. కాదురా చిన్నా, రూళ్లకర్ర తీసుకో, సగం ఎక్కడుందో చూడు, పావు ఎక్కడుందో చూడు. రూళ్లకర్ర వంక చాలాసేపు చూసి, అయితే బిందువు తర్వాత అంతా తలకిందులన్నమాట అన్నాడు. దశాంశాలు వాడికి తనే నేర్పింది. మెషిన్ మీద చెయ్యి అన్న నేర్పాడు. వాడి చెయ్యి అన్న చేతిని మించిపోయింది, గ్రైండింగులో వాడిలాంటివాడు ఈ చుట్టుపక్కల లేడని మేనేజరే అనేవాడు. ఇప్పుడు అదే మేనేజరు ముందు కూర్చుని, కంగారులో అంకె తప్పు చదివాను, ఎవర్నీ అడగలేదు, అని చెప్తూ ఉంటాడు. తలుపు అవతల మాటలు వినిపిస్తున్నాయి గాని విడివిడిగా తెలియడం లేదు. ఒక గొంతు అడుగుతుంది, ఆగుతుంది, ఇంకో గొంతు చిన్నగా ఏదో అంటుంది. ఆ చిన్న గొంతు వాడిది.

అడిగాడు. అడగకపోవడమేంటి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మెషిన్ ఆపి, చేతులు తుడుచుకుంటూ డ్రాయింగు కాపీ పట్టుకుని ఇన్‌స్పెక్షన్ గదిలోకి వచ్చాడు. "వదినా, ఇక్కడ సిరా అలుక్కుపోయింది. చివరిది మూడా, ఎనిమిదా? ఒకసారి చూసి చెప్పు." ఆమె కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది, వెలుతురు కోసమన్నట్టు. ఏం కనబడింది. కాగితం అంచులు కనబడ్డాయి, వాడి వేలిముద్ర నూనె మరక కనబడింది, కిటికీ అవతల సైకిళ్ల షెడ్డు కనబడింది, అంకె ఉన్న చోట మాత్రం మబ్బు. తల కొంచెం వంచి ఓరగా చూద్దామంటే వాడు పక్కనే ఉన్నాడు. అప్పుడు ఒక్క మాట అంటే అయిపోయేది. కాని ఆ పిన్ను తనకి తెలుసు. నాలుగేళ్ల కిందట చూసింది, అప్పుడు కళ్లు బాగానే ఉన్నాయి, ఆకారం అదే, పొడవు అదే, వ్యాసం ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది మూడు, పైన ఇత్తడి తొడుగు వచ్చేది. తలలో అచ్చుగుద్దినట్టు ఉంది. మూడు, అంది. గొంతులో ఇసుమంత అనుమానం లేదు. వాడు అక్కడే పెన్నుతో మూడుని దిద్దుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇత్తడి తొడుగు తీసేసి డ్రాయింగు మార్చారని, కాగితం మూలన మార్పు గుర్తుగా వేసే పాత అక్షరం పోయి కొత్త అక్షరం వచ్చిందని, మూడు ఎనిమిదైందని ఆమెకి తెలియదు. ఆ మూల కూడా మబ్బే. సాయంత్రం వాడు ఐదు పిన్నులు నమూనాకి తెచ్చాడు. వ్యాసం కొలిచే మైక్రోమీటరులో అంకె పెద్దది, వెలుగుతూ ఉంటుంది, ఓరగా చూస్తే కనబడుతుంది. తొమ్మిది మూడు, తొమ్మిది మూడు, తొమ్మిది మూడు. తలలో ఉన్న మూడుతో సరిపోయింది. టిక్కు పెట్టింది. కొలత రాయాల్సిన గడిలో టిక్కు పెట్టడం ఆ షాపులో ఏళ్లనాటి అలవాటు.

మొదట పోయింది బిందువే. రెండేళ్ల కిందట ఒక రోజు డ్రాయింగు మీద ముప్పై తొమ్మిది వందలు అని ఏదో కనబడితే, ఎవడ్రా ఇది గీసింది, ఇంత పెద్ద బోల్టు ఎక్కడ పెడతారు, వంతెన కడుతున్నారా అని పైకే నవ్వింది. పక్క టేబులు ఆయన వచ్చి చూసి, పాయింటు ఉందిగా అక్కా అన్నాడు. ఉంది. కన్ను కొంచెం జరిపితే ఉంది. తర్వాత తిన్నటి గీతలు నడుమ దగ్గర ఉబ్బడం మొదలైంది, నీళ్లలో పెట్టిన కర్రలాగా. తన సొంత అక్క ఆరోగ్య కార్డు తీసుకుని, ఆమె పేరు చెప్పి, ఊరికి ఆ చివరున్న కళ్ల ఆసుపత్రికి వెళ్లింది. తన పేరుతో వెళ్తే కంపెనీకి కాగితం పోతుందని భయం. డాక్టరు చాలాసేపు లైటు వేసి చూసి, నెమ్మదైన మనిషి, చేతులు కట్టుకుని చెప్పాడు. "నడిమి చూపు పోతుందమ్మా. అంచు చూపు ఉంటుంది. నడుస్తారు, వండుకుంటారు, మీ పనులు మీరు చేసుకుంటారు. చదవడం మాత్రం కష్టం. మీరేం పని చేస్తారు?" ఇంట్లోనే ఉంటానండి, అంది. అక్క ఇంట్లోనే ఉంటుంది కదా.

కంపెనీ డాక్టరు ఏటా ఒకసారి వచ్చి గోడకి అక్షరాల బోర్డు తగిలించి అందరి కళ్లూ చూస్తాడు. వరసలో ఆమె ఎప్పుడూ ఐదో ఆరో మనిషిగా నిలబడేది. ముందున్న నలుగురూ చదివింది వింటే చాలు, చివరి వరస దాకా వచ్చేసేది. కుడి కన్ను మూసుకోండి, చదివింది. ఎడమ కన్ను మూసుకోండి, చదివింది. మీ వయసుకి ఈ చూపంటే అదృష్టమండి అని సంతకం పెట్టాడు. డ్రాయింగులూ అంతే. ఆ షాపులో తిరిగేవి తిరిగే మూడొందలు, కొత్తది వస్తే దాన్ని ఇంటికి తీసుకుపోయి తలుపేసుకుని, భూతద్దం పెట్టి, కాగితాన్ని కంటి పక్కకి తెచ్చి ఒక్కో అంకే ఏరుకుని, పొద్దున్నకి నోటికి వచ్చేలా చేసుకునేది. చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇంత శ్రద్ధగా పట్టలేదు. దొంగతనం కాదు ఇది, కష్టపడుతున్నా కదా, ఎవరికంటే తక్కువ చేస్తున్నా, తప్పు ఒక్కటి చూపించమనండి, అని తనకి తానే చెప్పుకునేది. చూపించారు.

కాలు పోయిన మనిషిని పెట్టిన ఆసుపత్రికి వెళ్లింది, పోయిన వారం. ఎందుకు వెళ్లిందో తెలియదు, ఏం చెప్పాలనుకుందో తెలియదు. వార్డు తలుపు దగ్గర నిలబడితే పొడుగ్గా రెండు వైపులా మంచాలు, అంచుల్లో దుప్పట్లు, మధ్యలో మబ్బు, అందులో అతనెవరో పోల్చుకోలేకపోయింది. ఎవరినని అడగడానికి నోరు రాలేదు. తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న ఒకామె లేచి, కూర్చోండి, మా ఆయన పనిచేసే గోదాము నుంచి వచ్చారా అంది. ఆమె తల ఊపింది. ఆ ఊపుని కూడా ఎన్నిసార్లు తల్చుకుందో, అదీ ఒక అబద్ధమే. ఆయన ఇప్పుడే నిద్రపోయాడు, లేపమంటారా అంది ఆమె. వద్దన్నది. ఆమె చేతిలో మందుచీటీ ఉంది. ఇది కాస్త చూసిపెట్టండి, మాత్ర పాయింట్ ఐదు అన్నారో ఐదు అన్నారో నాకు సరిగా వినబడలేదు, రాత గొలుసుగొలుసుగా ఉంది అని చీటీ చేతిలో పెట్టింది. చేతిలో కాగితం. మళ్లీ అదే. ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుని చెప్పడానికి ఈసారి తలలో ఏమీ లేదు. నాకు కనబడదమ్మా, అంది. రెండేళ్లలో మొదటిసారి, ఎవరో తెలియని మనిషికి, ఎవరితో అయితే అసలు అనకూడదో ఆ మనిషికి. పర్లేదు లెండి, నర్సుని అడుగుతా, అని ఆ ఇల్లాలు చీటీ తీసుకుంది. అంతే. భూమి బద్దలవలేదు. ఎవరూ వేలెత్తి చూపలేదు. నర్సుని అడుగుతా లెండి. ఇంత తేలికైన మాట కోసం రెండేళ్లు. మెట్లు దిగుతూ సగంలో రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది.

మూడు రోజుల కిందట మరిది వంటింట్లోకి వచ్చి, గుమ్మానికి ఆనుకుని, నువ్వేం మాట్లాడకు వదినా అన్నాడు. నమూనాకి ఐదు మంచివి చూపించి, మిగతావాటికి మళ్లీ సెట్టింగు చేసేటప్పుడు అంకె తప్పు చదివానని చెప్తా, నీ దాకా రాదు. అదేంట్రా అంటే, "ఎవరికైనా పొరబాటు అవుతుంది. నా చేతిలో పని ఉంది, ఇక్కడ కాకపోతే ఇంకోచోట. నిన్ను ఈ వయసులో ఎవరు తీసుకుంటారు? పిల్ల చదువు మధ్యలో ఉంది." పొరబాటు అనుకున్నాడు. నోరు జారిందనుకున్నాడు. కాదురా, అని మొదలుపెట్టింది. కుక్కర్ కూసింది, వాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కుక్కర్ మీద నెపం పెట్టడం కూడా బాగానే ఉంది. పిలవచ్చు. వీధి మలుపు దాకా పరుగెత్తొచ్చు. మూడు రోజులున్నాయి మధ్యలో. తోడికోడలు నిన్న ఫోన్ చేసి, ఈయన ఏంటక్కా అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు, నీకేమైనా చెప్పాడా అంటే, ఏం లేదమ్మా, పని ఎక్కువగా ఉంది అంది. ఈ రోజు మాత్రం చెప్పేస్తుంది. నిర్ణయించుకునే వచ్చింది. లోపలికి పిలవగానే మొదటి మాట అదే. నేనే మూడని చెప్పాను. నాకు కనబడదు. రెండు మాటలు. ఆసుపత్రిలో వచ్చిన మాట ఇక్కడెందుకు రాదు.

తలుపు తెరుచుకుంది. ఎవరో బయటికి వచ్చి పక్క గదిలోకి వెళ్లారు, నడకని బట్టి మరిది అని తెలిసింది, వెనకే వాచ్‌మన్ బూట్ల చప్పుడు. రండమ్మా అని లోపలి నుంచి మేనేజరు గొంతు.

టేబులుకి అవతల ముగ్గురు. మేనేజరు, భద్రత చూసే ఆఫీసరు, ఆ యంత్రాలు కొన్న కంపెనీ పంపిన ఇంజనీరు. ఆమె కూర్చోకముందే చెప్పింది. "సార్, అతను నన్ను అడిగాడు. మూడని చెప్పింది నేనే. నాకు కళ్లు కనబడవు సార్. రెండేళ్ల నుంచి."

మేనేజరు ఫైలు తిప్పిన చప్పుడు. "ఎవర్నీ అడగలేదని అతను ఇప్పుడే రాసిచ్చి సంతకం పెట్టాడు."

"అబద్ధం రాశాడు సార్. నన్ను కాపాడాలని."

"మీ కంటి పరీక్ష ఇదిగో, ఈ ఏడాదిదీ, పోయినేడాదిదీ. చివరి వరస దాకా చదివారని ఉంది."

"ముందువాళ్లు చదువుతుంటే విని చెప్పాను."

"బయట డాక్టరెవరికైనా చూపించుకున్నారా? కాగితం ఉందా?"

"ఉంది సార్. మా అక్క పేరు మీద ఉంది."

అంటుండగానే ఆ మాట ఎలా వినబడిందో ఆమెకే తెలిసింది. ఇంజనీరు కుర్చీలో కదిలాడు. నవ్వు కాదు, జాలి. అదే అన్యాయం, ఒక్కడూ చెడ్డవాడు కాడు. అతను ఒక డ్రాయింగు టేబులు మీద ఆమె ముందుకి జరిపి, దయచేసి ఏదైనా ఒక కొలత చదవండమ్మా అన్నాడు. కనబడటం లేదండీ అంది. కనబడటం లేదని ఎవరైనా అనొచ్చు కదమ్మా, అన్నాడు మెల్లగా. నిజమే. చూపు ఉందని నిరూపించడానికి బోర్డు ఉంది, వరస ఉంది, సంతకం ఉంది, లేదని నిరూపించడానికి ఈ గదిలో ఏముంది. రేపు అదే ఆసుపత్రికి తన పేరుతో వెళ్లి కాగితం తేవచ్చు. తెస్తే, ఈ రోజు చూపు పోయిందని ఉంటుంది, ఆ రోజు లేదని ఎక్కడుంటుంది. అడిగాడనేదానికి సాక్షి ఎవరు. మూడు మీద దిద్దిన పెన్ను గీత ఉంది, అది వాడి చేతిదే.

"అక్కయ్యగారూ," మేనేజరు ఆమెని ఎప్పుడూ అలా పిలవలేదు, "మరిది మీద మీకున్న అభిమానం అర్థమవుతుంది. ఆయన పోయాక ఇంటికి అండగా ఉన్నవాడు. కాని ఇది పోలీసు దాకా వెళ్లిపోయింది. అతను రాసిచ్చింది ఇవాళే పంపాలి. మీరు ఇలా మాట్లాడితే ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారనుకుంటారు, అతనికి ఇంకా కీడు." గ్లాసు ఆమె వైపు జరిపాడు. "నీళ్లు తాగండి. మిగిలిన నూట నలభై పిన్నులూ ఒక్కోటీ కొలిచి, సాయంత్రానికి నాకు రిపోర్టు కావాలి. ఆ కొలతలే రేపు సాక్ష్యం. ఇంకొకరికి ఇస్తే నాకు నమ్మకం లేదు. మీరే చూడాలి."

నేను చూడలేను సార్, అంది మళ్లీ. కాసేపు కూర్చుని మొదలుపెట్టండి, తొందరేం లేదు అన్నాడాయన.

బయట నడవాలో మరిది ఉన్నాడు, చేతిలో పనిముట్ల పెట్టె. వాచ్‌మన్ నాలుగడుగుల అవతల నిలబడి, తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి చూస్తున్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి ఆగింది. మొహం చూడాలనిపించింది, ఎలా ఉన్నాడో, ఏడ్చాడో, చూపు వాడి భుజం దాటించి వెనకనున్న గోడ మీద పెట్టింది. వాడు పెట్టె ఇంకో చేతికి మార్చుకుని, "నా మొహం చూడటానికి కూడా ఇష్టం లేదా వదినా?" అన్నాడు.

"చూస్తున్నానురా. ఇలా తిరిగితేనే నువ్వు కనబడేది. తిన్నగా చూస్తే పోతావు."

వాడికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పెట్టె కింద పెట్టాడు. "ఆ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా. పాత డ్రాయింగు గుర్తుండి చెప్పాను. లోపల చెప్పేశాను చిన్నా. నమ్మలేదు."

వాడు అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది. వాడు నుదురు తుడుచుకుని, చాలా మామూలుగా, ఇంట్లో ఏదో వస్తువు గురించి మాట్లాడినట్టు అన్నాడు. "కనబడటం లేదంటే సరిపోయేది కదా వదినా. ఇద్దరం కలిసి స్టోరుకి పోయి కొత్త కాపీ తెచ్చుకునేవాళ్లం."

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. వాడు పెట్టె ఎత్తుకుని, పిల్లకి ఇప్పుడే ఏం చెప్పకు, పరీక్షలు అవ్వనీ, అని మెట్ల వైపు నడిచాడు. గోడ వంక చూస్తూ నిలబడితే అంచులో వాడు మెట్టు మెట్టుకీ కిందికి తగ్గిపోవడం చివరిదాకా కనబడింది.

ఇన్‌స్పెక్షన్ గదిలో పెట్టెలు అప్పటికే దించి ఉన్నాయి. నూనె కాగితం విప్పి మొదటి పిన్ను తీసింది. చల్లగా, బరువుగా ఉంది. మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి, తల పక్కకి వాల్చి, ఓరగా అంకె చూసింది. ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది మూడు, ఆపైన సున్నా. కాగితం మీద రాసి, ఎర్ర రంగు కుంచె అంటించి, పనికిరాని పెట్టెలో వేసింది. రెండోది తొమ్మిది మూడు సున్నా. మూడోది తొమ్మిది మూడు ఒకటి. నాలుగోది మళ్లీ సున్నా. పదో పిన్ను దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మూడో అంకె సున్నా నుంచి ఒకటికి మారుతోంది గాని రెండో అంకె కదలడం లేదు. ఎన్నేళ్లు కొలిచింది, ఎందరి పని చూసింది, ఇంత నిలకడైన చెయ్యి చూడలేదు. ఆమె ఏ అంకె చెప్పిందో సరిగ్గా ఆ అంకెకి, నడిమధ్యకి తెచ్చి నిలబెట్టాడు, ఒక్కోదాన్నీ. క్షమిస్తామని రాసిన పాయింట్ సున్నా ఒకటిలో పదో వంతు దాటలేదు. ఆమె తర్వాతది తీసింది. ఒక్కటి, ఒకే ఒక్కటి తప్పి ఉండాలని వెతకసాగింది, చెయ్యి వణికింది ఒకటి, తొందరపడింది ఒకటి, ఇది మాత్రం వీడి తప్పే అనదగింది ఒకటి. ఒక పెట్టె అయింది, రెండోది విప్పింది. వేళ్లు నూనెతో జారుతున్నాయి, కుంచె అంచుకి రంగు గట్టిపడుతోంది, కిటికీ అవతల షిఫ్టు మారి సైకిళ్లు కదిలాయి. నూట ముప్పై తొమ్మిదోది, తొమ్మిది మూడు సున్నా. ఆఖరిదాన్ని గుడ్డతో రెండుసార్లు తుడిచి, దవడల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి, తల తిప్పి చూసింది. అదీ అంతే.